పదహారు స్తంభాల మండపం

ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం నేను కట్టిన రాతి మండపం ఈ మధ్య ఒక పాత సీడీలో దొరికింది. రాతిది అనడం మాటవరసకే. అది 3డీ దృశ్యాలను మాటల్లో వర్ణించే వీఆర్‌ఎంఎల్ భాషలో రాసిన చిన్న ఫైలు. కింద అరుగు, 16 గుండ్రటి స్తంభాలు, పైన కప్పు, అంతే. 1997లో అంతర్జాతీయ (ఐఎస్‌ఓ) ప్రమాణంగా వెలువడిన ఆ భాషతో, వెబ్ బ్రౌజరులోనే మనం తిరగగల లోకాలను నిర్మించవచ్చని అప్పట్లో మాకు గట్టి నమ్మకం. ఆ లోకాలను చూపించిన ప్లగిన్లు (బ్రౌజరుకు తగిలించే అదనపు ప్రోగ్రాములు) ఎప్పుడో కాలగర్భంలో కలిసిపోయాయి గనుక, మండపాన్ని మళ్లీ చూడడానికి వేరే సాఫ్ట్‌వేర్ వెతకవలసి వచ్చింది.

ముందు మెష్‌ల్యాబ్‌లో తెరిచాను. ఇది 2005లో ఇటలీలోని పీసా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల కోర్సు పనిగా మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్. స్కానర్‌తో తీసిన విగ్రహాల వంటి, లక్షల త్రిభుజాలుండే ఆకారాలను శుభ్రం చేయడంలో దీనిది అందె వేసిన చెయ్యి. మౌస్ పట్టి లాగగానే మండపం నెమ్మదిగా తిరిగింది. చూడడంతో సరిపెట్టుకుంటే బాగుండేది. దాన్ని 3డీ ప్రింట్ చేయించి అమ్మకు చూపించాలన్న సరదా పుట్టి, 3డీ ప్రింటుకు వాడే ఎస్‌టీఎల్ ఫైలుగా మార్చి, 3డీ ఆకారాలు తయారుచేసే బ్లెండర్‌లోకి తెచ్చాను. (2002లో వాడుకరులు లక్ష యూరోలు చందాలు పోగుచేసి పాత యజమానుల చేతుల్లోంచి విడిపించుకున్న సాఫ్ట్‌వేర్ అది, నాకు దానిమీద కొంచెం పక్షపాతం ఉంది.)

మండపం వెల్లకిలా పడి ఉంది. వీఆర్‌ఎంఎల్‌లో వై అక్షం పైకి చూస్తుంది, బ్లెండర్‌లో జెడ్ అక్షం పైకి చూస్తుంది, ఎస్‌టీఎల్‌లోనేమో ఏది పైవైపో రాసే చోటే లేదు. ఎక్స్ అక్షం చుట్టూ 90 డిగ్రీలు తిప్పితే లేచి నిలబడింది. కానీ ఒక స్తంభాన్ని పట్టుకుందామని నొక్కితే అరుగూ కప్పూ సహా మండపమంతా కదిలి వచ్చింది, ఎందుకంటే ఎస్‌టీఎల్‌కు తెలిసినవి త్రిభుజాలు మాత్రమే. విడివిడి ముక్కలు చేసే ఆదేశం ఇచ్చాక 16 స్తంభాలు వేరుపడ్డాయి గాని, వాటికి ఒకదానితో ఒకటి ఏ చుట్టరికమూ మిగల్లేదు. ఒకదాన్ని సన్నం చేస్తే మిగిలిన 15 అలాగే ఉండిపోయాయి.

అప్పుడు అసలు ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదివాను. వ్యాసార్ధం 0.3, ఎత్తు 3 అని ఒక్క స్తంభాన్ని వర్ణించి, ‘డెఫ్’ అన్న మాటతో దానికి పేరు పెట్టి, మిగతా 15 చోట్లా ‘యూజ్’ అంటూ ఆ పేరుతోనే పిలిచాను. స్తంభం గుండ్రంగా ఉండాలన్నానే గాని చుట్టూ ఎన్ని చదునైన పలకలుగా చెక్కాలో ఎక్కడా చెప్పలేదు. అది చూపించే సాఫ్ట్‌వేర్ ఇష్టానికి వదిలేశాను. కప్పు దగ్గర ‘సాలిడ్ ఫాల్స్’ అన్న రెండు మాటలు కనిపించగానే ఆనాటి జాగారం గుర్తుకొచ్చింది. కప్పును మందం లేని ఒక్క పలకగా గీశాను. ఆ భాష, వేరే విధంగా చెప్పకపోతే, పలక వెనుకవైపును గీయదు గనుక, మండపంలోకి నడిచి తలెత్తితే కప్పు మాయమై ఆకాశం కనిపించేది. ఆ రెండు మాటలు రాయాలని తెలిసేసరికి తెల్లారింది.

మందం లేని కప్పు ప్రింటుకూ పనికిరాదు. అందుకని బ్లెండర్‌లో మండపాన్ని మొదటినుంచి కట్టాను. కప్పుకు సాలిడిఫై మాడిఫయర్‌తో మందమిచ్చి, 32 పలకల స్తంభం ఒకటి నిలిపి, ఆల్ట్, డి మీటలతో మరో 15 చోట్ల పెట్టాను. ఇలా చేస్తే ఆకృతి ఒక్కటే ఉంటుంది, స్థానాలు మాత్రమే వేరు. మెష్ (అంటే ఆ ఆకృతి) పేరు పక్కన, దాన్ని ఎన్ని చోట్ల వాడామో చెప్పే 16 అన్న అంకె కూడా కనిపిస్తుంది. ఒక స్తంభం పైభాగాన్ని కాస్త సన్నం చేయగానే పదహారూ ఒక్కసారిగా సన్నబడ్డాయి.

ప్రింటు వేసే కుర్రాడు ఎస్‌టీఎల్ అడిగాడు, ఇచ్చాను. నాకోసం మాత్రం క్రోనోస్ గ్రూప్ అనే పరిశ్రమ సంఘం 2017లో విడుదల చేసిన జీఎల్‌టీఎఫ్ 2.0 అనే 3డీ ఫైలు రూపంలో ఒక ప్రతి దాచుకుని, అలవాటు కొద్దీ దాన్నీ నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. స్తంభాలకు పదహారు నోడ్లున్నాయి (ఒక్కో వస్తువు ఎక్కడుందో చెప్పే పద్దులు), పదహారింటిలోనూ మెష్ అన్న చోట ఒకే అంకె ఉంది.