నీలం బండి, పదకొండు పసుపులు

మన బడి పాత విద్యార్థుల కమిటీ వాళ్లు "బడి జ్ఞాపకాలు రెండు పేజీలు, పదిహేనో తారీఖు లోపల" అని గ్రూపులో పెట్టి నెల దాటింది. మన గుండు రోజూ ఫోన్ చేసి టెన్షన్ పెడుతున్నాడు కాబట్టి కూర్చున్నాను. బాదంచెట్టు గొడవ, పిక్నిక్‌లో పులిహోర సంగతి ఎవరో ఒకరు రాసే ఉంటారు. నాకు డ్రాయింగ్ మాస్టారు చాలు.

తొమ్మిదో తరగతి, శుక్రవారం ఆఖరి పీరియడ్. అట్టకి అంటించిన పాత క్యాలెండర్ బొమ్మ ఒకటి తెచ్చి బోర్డుకి ఆనించారు. పండిన చేను, మధ్యలో నీలం బండి, దూరంగా నీలం కొండలు. "చూసి వెయ్యండి" అన్నారు, అంతే. ఎవరు వేశారో, ఏ ఊరో చెప్పలేదు. వెనక బెంచీ నుంచి, "మాస్టారూ, బండికి ఎడ్లేవి?"

"మేతకెళ్లాయిరా. నువ్వు బండి వెయ్యి."

ఆ రోజుతో వాడి అసలు పేరు హాజరుపట్టీకే మిగిలింది. ఎడ్లేవిగాడికి ఇప్పుడు ఆరు లారీలు. ఎడ్లు మాత్రం ఇంకా రాలేదు.

నేను చేనంతా ఆకుపచ్చ కొట్టేశాను. మాస్టారు తిట్టలేదు, మార్కూ వెయ్యలేదు. "ఆదివారం పొద్దున్నే కాలవగట్టు మీదకి రా" అన్నారు. దాళ్వా కోతల రోజులు. కోసిన పనలు, నిలబడ్డ చేను, గడ్డిమేటు, కళ్లంలో ధాన్యం చూపించి "ఎన్ని పసుపులున్నాయో లెక్కపెట్టు" అన్నారు. మూడన్నాను. "మళ్లీ చూడు." ఎండెక్కేసరికి పదకొండు దాకా వచ్చాను. అప్పుడు గోళీసోడా ఇప్పించారు. మీరెవరూ నమ్మలేదు గానీ ఒట్టు, నిమ్మకాయ పిండించి మరీ ఇప్పించారు.

టెన్త్ తర్వాత సంగతులు మీకు తెలిసినవే. బెజవాడలో ఫ్లెక్సీలతో మొదలెట్టిన ప్రెస్సులో ఇప్పుడు పద్నాలుగు మంది పనిచేస్తున్నారు. కాన్వాస్ ప్రింట్లకి హైదరాబాద్ నుంచి కూడా ఆర్డర్లు వస్తాయి. మా కుర్రాళ్లు చాటుగా నన్ను 'పసుపు సారు' అంటారని నాకు తెలుసు.

2019లో మా అమ్మాయి ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్ చిత్రకారుడు వాన్ గో మ్యూజియానికి తీసుకెళ్లింది. అక్కడ గోడ మీద మన బండి! 'కోతలు', 1888 జూన్, దక్షిణ ఫ్రాన్సులో ఆర్ల్ ఊరి పక్కన లా క్రో మైదానం. గోధుమ చేలట. వారం పైచిలుకు ఎండలో నిలబడి ఆ కోతల మీద పది పెయింటింగులు, ఐదు డ్రాయింగులు చేశాడట. తర్వాత గాలివాన వచ్చి కోతలు ముగిశాయి. తుపానుకి పనలు తడవడం మనకి ఒకరు చెప్పాలా! ఈ బొమ్మ ముందు తన మిగతావేవీ నిలవవని తమ్ముడికి ఉత్తరం కూడా రాసుకున్నాడు. సెక్యూరిటీ అమ్మాయి రెండుసార్లు వెనక్కి జరగమంది.

మొన్న మన బడి కోసం దాన్నే అసలు సైజులో, 29 బై 36 అంగుళాలు, కాన్వాస్ మీద వేయించాను. మొదటి ప్రూఫులో చేను ఆకుపచ్చగా తిరిగింది, నా తొమ్మిదో తరగతి బొమ్మలాగే. సయాన్, అంటే నీలం ఇంకు, తగ్గించమన్నాను. రెండోది మరీ మామిడిపండు. నాలుగోది ఒప్పుకున్నాను. ఫ్రేముకి మడిచే చోట బండీ కొండలూ తెగకుండా అంచులు విడిగా పెంచాం. అయినా ఒకటుంది. అసలు బొమ్మలో రంగు గట్లు గట్లుగా లేచి ఉంటుంది, వేలితో తడమాలనిపిస్తుంది. మా మిషను ఇంకు చల్లుతుందే గానీ గట్టు కట్టలేదు.

మాస్టారికి ఫోన్ చేశాను. "ఒక కంటికే శుక్లం తీశారురా, రెండో దాంట్లో అన్నీ పసుపే. ముందు దాంతో చూస్తాలే" అన్నారు.

బొమ్మ పాత డ్రాయింగ్ గదిలోనే, కిటికీకి ఎదురు గోడకి. హెడ్మాస్టరు గదిలో వద్దని కమిటీకి మనవి. మేకులు ఎడ్లేవిగాడు తెస్తానన్నాడు. ఎవరైనా సుత్తి కూడా తెండి, వాడు సగమే తెస్తాడు.