చివరి 45 నిమిషాలు: మా తండా బడిలో నా అనుభవం

నేను ఎస్జీటీని, అంటే చిన్న తరగతులకు పాఠాలు చెప్పే టీచర్ని. మహబూబాబాద్ జిల్లాలో ఒక తండా ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. ఇద్దరు టీచర్లం, ఐదు తరగతులు, 34 మంది పిల్లలు. పీఈటీ, అంటే ఆటల టీచర్, లేరు కాబట్టి ఆటలైనా పాటలైనా మేమే చూసుకోవాలి. 2024 జులైలో బదిలీ మీద ఇక్కడికి వచ్చేసరికి టైంటేబుల్‌లో ఆటల పీరియడ్ ఉంది. ఆ పీరియడ్‌లో పిల్లలు ఎక్కాలు రాస్తున్నారు.

ఆటవస్తువులు లేక కాదు. సమగ్ర శిక్ష అనే సర్కారు పథకం కింద ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి 5,000 రూపాయల క్రీడా నిధి ఉంటుంది. దానితో ఎప్పుడో కొన్న బంతులు, బ్యాటు, రింగులు బీరువాలో తాళం వేసి ఉన్నాయి. పోతే, పగిలిపోతే స్టాక్ రిజిస్టర్ చూపించి ఎవరు జవాబు చెప్పాలన్న భయం. నాకూ ఆ టెన్షన్ ఉండింది. హెచ్ఎం గారూ నేనూ కూర్చుని, పాడైనవి పాడైనట్టే రాసి సంతకాలు పెడదామనుకున్నాం. ఆ రోజే తాళం తీశాం.

తర్వాత స్థలం. బడి వెనక అంతా సర్కారు తుమ్మ, కంకర, సీసా పెంకులు. పిల్లల్లో సగం మందికి కాళ్లకు చెప్పులు లేవు. సర్పంచుల పదవీకాలం ఫిబ్రవరిలోనే అయిపోయింది కాబట్టి పంచాయతీ కార్యదర్శి చుట్టూ మూడుసార్లు తిరిగాను. పనులు చాలా ఉన్నాయన్నారు. చివరికి ఒక ఆదివారం తండా వాళ్లే గొడ్డళ్లు, పారలు పట్టుకొచ్చారు. మధ్యాహ్నానికి స్థలం చదునైంది. పెంకులు ఏరడానికి మాత్రం పిల్లలను రానివ్వలేదు, పెద్దవాళ్లమే ఏరాం.

మొదట పొద్దున ప్రార్థన కాగానే ఆడించాను. రెండో వారంలో ఒక బాబు పరిగెత్తుతూ కళ్లు తిరిగి పడిపోయాడు. నీళ్లు తాగించి అడిగితే, రాత్రి తిన్నాక మళ్లీ ఏమీ తినలేదన్నాడు. అమ్మానాన్నలు తెల్లవారకముందే కూలికి వెళ్లిపోతారు. ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో చూస్తే తొమ్మిది మంది తేలారు. ముందే అడగకపోవడం నా పొరపాటు, ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఆ రోజు నుంచి ఆటను సాయంత్రం చివరి 45 నిమిషాలకు మార్చాం. అప్పటికి బడిలో తిన్న అన్నం అరిగి ఉంటుంది, ఎండ కూడా తగ్గుతుంది.

నాకు బాగా కళ్లు తెరిపించింది కబడ్డీ. పిల్లలు సంబరంగా ఆడుతున్నారని మురిసిపోయాను. ఒక రోజు ఫోన్‌లో టైం పెట్టుకుని మూడో తరగతి పాపను ఒక్కదాన్నే గమనించాను. 45 నిమిషాల్లో ఆమె కదిలింది నాలుగు నిమిషాలు కూడా లేదు. ఒకరు కూతకు వెళ్తే మిగతావాళ్లు నిలబడి ఉంటారు. ఔటైతే గోడ పక్కన కూర్చుంటారు. మొదట ఔటయ్యేది ఎవరు? నీరసంగా ఉన్నవాళ్లు, చిన్నవాళ్లు. ఎవరు ఎక్కువ పరిగెత్తాలని మేం ఆట పెట్టామో వాళ్లే అందరికంటే ఎక్కువసేపు కూర్చుంటున్నారు.

అందుకని ఔటై కూర్చోవడం తీసేశాను. ఔటైనవాళ్లు తాడు మీద ఇరవై గెంతులు గెంతి మళ్లీ ఆటలోకి రావచ్చు. తాళ్లు ఇళ్ల నుంచి తెచ్చిన పాత చీరలతో పేనుకున్నాం. ఎక్కువగా నేలా బండా, తొక్కుడుబిళ్ళ, ఏడు పెంకులాట, ఆరుగురేసి జట్లతో రిలే. పంక్చర్ షాపులో ఇచ్చేసిన పాత టైర్లు దొర్లిస్తూ పరుగు. ఐదు వేలలో కొత్తగా కొన్నవి చిన్న బంతులు, గీతలు గీయడానికి సున్నం. ఖరీదైన క్రికెట్ కిట్ ఒకటి కొంటే ఇద్దరు ఆడతారు, ముప్పై మంది చూస్తారు.

నాలుగో తరగతి అమ్మాయి ఒకతి ఎంత పిలిచినా వచ్చేది కాదు. చంకలో రెండేళ్ల తమ్ముడు. పత్తి తీసే రోజులు, వాణ్ణి చూసుకోకపోతే వాళ్లమ్మకు కూలి పోతుంది. దింపి రమ్మంటే ఎక్కడ దింపుతుంది? అంగన్‌వాడీ మా పక్కనే. అక్కడి టీచరమ్మను బతిమాలితే సాయంత్రం ఆ కాసేపు చూస్తానంది. ఆ రోజు ఆ పిల్ల ఉత్త చేతులతో గ్రౌండ్‌లోకి వచ్చి ఏం చేయాలో తెలియనట్టు కాసేపు నిలబడిపోయింది. తర్వాత పరిగెత్తింది.

వాళ్లమ్మకు మాత్రం కోపం వచ్చింది. "సదువుకోనీకి పంపితే ఆడిపిస్తున్నరా టీచరమ్మా? ఇంటికాడ పని చేస్తలేదా, ఒళ్లు వంగుతలేదా?" అంది. ఆమె మాటలో న్యాయం ఉంది. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు బాగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. నీళ్ల బిందెలు మోసే పిల్లకు అది ఇంట్లోనే అయిపోతుందని ఎవరైనా అనొచ్చు. కానీ బిందె మోసేటప్పుడు ఆ పిల్ల నవ్వగా నేను చూడలేదు. ఆ మాటే చెప్పాను. పక్క జిల్లా కల్లెడలో కూలివాళ్ల ఇంట పుట్టిన దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చిందని కూడా చెప్పాను. తర్వాత ఆ మాట ఎందుకన్నానా అనిపించింది. పతకం వస్తేనే ఆటకు విలువ అన్నట్టు అయింది. ఆమె ఏమీ అనలేదు, కానీ పిల్లను ఆపలేదు.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మళ్లీ పొద్దునే ఆడించాలి, ఆ తొమ్మిది మందికి మళ్లీ ఖాళీ కడుపే. హెచ్ఎం గారూ నేనూ చెరి కొంత వేసుకుని శనగలు కొంటున్నాం. రాత్రి నానబెట్టి, పొద్దున బడికి రాగానే గుప్పెడు గుప్పెడు పెట్టి, అరగంట ఆగి ఆడిస్తున్నాం.