ఉప్పునీళ్ళు, కార్తీక వానలు: చంటిబిడ్డకు ఏ న్యాపీ?

బట్ట న్యాపీలు కొనేటప్పుడు చాలామంది చూసేది బొమ్మలు, రంగులు, ఎన్ని గంటలు ఆగుతుందన్న మాట. అసలు చూడాల్సినవి వేరే. మీ ఇంట్లో ఏ నీళ్ళతో ఉతుకుతారు? బిడ్డ పుట్టే నెలలో గుడ్డ ఎంతసేపటికి ఆరుతుంది? నెల్లూరు, ఒంగోలు వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. మే నెల బిడ్డకు చక్కగా సరిపోయిన న్యాపీ కార్తీకమాసం బిడ్డకు దండెం మీదే వేలాడుతుంటుంది.

మొదటి రెండు నెలలకు పలుచని చదరపు నూలుగుడ్డను మించింది లేదు. ఫ్రీ సైజు పాకెట్ డైపర్లు (బిడ్డ పెరిగేకొద్దీ సైజు మార్చుకునేవి, లోపలి సంచిలో ప్యాడ్ దూర్చి వాడేవి) కొన్నింటి మీద 3 కిలోల నుంచి అని రాసి ఉంటుంది గానీ, రెండున్నర, మూడు కిలోల బిడ్డ తొడ దగ్గర ఆ ఎలాస్టిక్ వదులుగానే ఉంటుంది, ఉచ్చంతా పక్కనుంచి కారిపోతుంది. పైగా నడుం పట్టీ సరిగ్గా బొడ్డు మీదకొస్తుంది. బొడ్డుతాడు ఊడటానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, అప్పటిదాకా అక్కడ గాలి తగలాలి, తడి తగలకూడదు. ఫ్రీ సైజువి బిడ్డ 5 కిలోలు దాటాక కొనుక్కోవచ్చు.

పాత పంచె ఉంటే కొనే పనే లేదు. 8 మూరల పంచె అంటే 144 అంగుళాల పొడవు. వెడల్పును రెండుగా చీల్చి, పొడవులో 24 అంగుళాలకొకటి కత్తిరిస్తే 12 గుడ్డలు వస్తాయి. అయిదున్నర మీటర్ల నూలు చీరలో 18 దాకా వస్తాయి. వెంకటగిరి, పాటూరు నేత చీరలైతే జరీ అంచు, పమిట ముందే తీసేయండి, జరీ గీసుకుంటుంది. బిడ్డ పుట్టకముందు కొత్తబట్టలు కొనకూడదనే పెద్దవాళ్ళ పట్టింపు ఈ ఒక్క విషయంలో భలే కలిసొస్తుంది. ఏళ్ళ తరబడి ఉతికిన గుడ్డ పీల్చినట్టు కొత్త గుడ్డ పీల్చదు. కొత్తది తప్పదంటే గంజి పోయేదాకా నాలుగైదుసార్లు వేడినీళ్ళలో ఉతకాలి. అయిందో లేదో తెలియాలంటే ఒక నీటిచుక్క వేసి చూడండి. వెంటనే ఇంకితే సరే, ముత్యంలా నిలబడితే ఇంకా ఉతకాలి.

అంచులు సన్నగా ఒక్క మడతతో కుట్టించండి, లావు కుట్టు తొడను ఒరుస్తుంది. కుట్టకుండా వదిలేస్తే ఇంకా ప్రమాదం. ఊడిన దారప్పోగు బిడ్డ కాలివేలికో, మగబిడ్డైతే అంగానికో చుట్టుకుని రక్తం ఆడకుండా చేస్తుంది. ఉతికిన ప్రతిసారీ పోగులు చూసి కత్తిరించాలి. కారణం తెలియకుండా బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే వేళ్ళు కూడా చూడాలి.

కట్టే పద్ధతి: గుడ్డను మూలకు మూల త్రికోణంగా మడిచి, పొడవైన అంచును మూడు అంగుళాలు మళ్ళీ మడవండి. ఆ అంచు నడుం కిందకు, మొన కాళ్ళ మధ్యకు రావాలి. మొనను పైకి తెచ్చి, పక్క చెవులు రెండూ బొడ్డుకు కిందుగా వదులుగా ముడేయాలి. పిన్నీసు వద్దు. మగబిడ్డకు ముందువైపు, ఆడబిడ్డకు మధ్యలో ఇంకో మడత గుడ్డ పెడితే ఎక్కువ పీలుస్తుంది. కాళ్ళు కప్పలా విడిపోయి ఉండాలి. కాళ్ళు చాపించి బిగించి చుట్టడం తుంటి కీళ్ళకు మంచిది కాదు.

ఎన్ని కావాలి? ఎండాకాలంలో రెండు డజన్లు చాలు, వానల్లో మూడు. అయిదో రోజు దాటాక బిడ్డ రోజుకు కనీసం 6 సార్లు ఉచ్చ పోయాలి. గుడ్డలైతే తడిసిన లెక్క చేతికే తెలుస్తుంది, పాలు చాలుతున్నాయా లేదా అన్నదీ దాన్నిబట్టే తెలుస్తుంది. మొదటి రెండు మూడు రోజుల నల్లటి జిగురు మలానికి మాత్రం పారేసే పాతగుడ్డలు వాడండి, ఆ మరక వదలదు.

ఇక నీళ్ళు. బకెట్టు అంచున తెల్లటి పొర కడుతుంటే, సబ్బు నురగ రాకుంటే మీవి గడుసు నీళ్ళు, మనం ఉప్పునీళ్ళు అనేవి. ప్రకాశం జిల్లాలో చాలా బోర్ల సంగతి ఇదే. వాటిలో బట్టల సబ్బు రుద్దితే సున్నంతో కలిసి జిడ్డుముద్దై నూలులో కూర్చుంటుంది. గుడ్డ అట్టలా బిగుస్తుంది, పీల్చదు, ఎంత ఉతికినా ఉచ్చ వాసన పోదు. సబ్బుబిళ్ళ మాని డిటర్జెంటు పొడి వాడండి, బకెట్టుకు రెండు చెంచాల వాషింగ్ సోడా కలపండి. మొదట చన్నీళ్ళతో జాడించి దొడ్డి పోగొట్టాలి, ముందే వేడినీళ్ళు పోస్తే మరక పట్టుకుంటుంది. తర్వాత వేడినీళ్ళ ఉతుకు, ఆపైన నురగ పోయేదాకా జాడింపు. చివరి జాడింపుకైనా కుళాయి నీళ్ళు దొరికితే మేలు. గుడ్డలు అప్పటికే బిగిసిపోతే బకెట్టు గోరువెచ్చని నీళ్ళలో చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అరగంట నానేసి బాగా జాడించండి. ఇది నూలుకే, ఎలాస్టిక్ కవర్లకు వద్దు. బ్లీచింగుతో అసలు కలపకూడదు, విషవాయువు వస్తుంది. గంజి, బట్టలు మెత్తబడే లిక్విడు రెండూ పీల్చే గుణాన్ని చంపేస్తాయి.

5 కిలోలు దాటాక నాలుగు వాటర్‌ప్రూఫ్ కవర్లు కొని, లోపల ఇవే గుడ్డలు పొడవు మడత పెట్టి వాడుకోవచ్చు. ప్రయాణాలకు రెండు మూడు పాకెట్ డైపర్లు చాలు. లోపలి ప్యాడ్ కుట్టేసినవి మాత్రం వద్దు, నవంబరు ముసురులో రాత్రంతా ఫ్యాను కింద వేసినా ఆరవు. వెదురు ప్యాడ్లు బాగా పీలుస్తాయి గానీ ఆరడం నిదానం. మైక్రోఫైబర్ (సన్నటి సింథటిక్ పోగుల ప్యాడ్) తొందరగా ఆరుతుంది, కానీ నొక్కితే పీల్చిన తడి వదిలేస్తుంది, చర్మానికి నేరుగా తగలకూడదు. నూలుగుడ్డలు మాడే ఎండలో వేయండి, మరకలూ పోతాయి. కవర్లు నీడలోనే ఆరాలి. ఉడకబెట్టినా ఇస్త్రీ చేసినా పైపొర విడిపోతుంది.

రోహిణి కార్తె ఎండల్లో పగలు కవరు వేయొద్దు, ఒట్టి గుడ్డ చాలు. ఒరిపిడికి జింకు పూత రాస్తే పైన ఒక పలుచని గుడ్డముక్క వేయండి, లేదంటే పూతంతా న్యాపీకి అంటి పీల్చకుండా చేస్తుంది. ఎర్రటి మచ్చ చుట్టూ చిన్న చిన్న పొక్కులు పాకుతుంటే అది ఫంగస్ కావచ్చు, పూతలు మార్చుకుంటూ కూర్చోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.