యాష్‌బ్రింగర్ ఎక్కడుంది?

మొన్న సంక్రాంతికి అంబాజీపేటలో మా మేనత్త వాళ్లింటికి వెళ్లాను. పెరట్లో కొబ్బరికాయల రాశి పక్కన కూర్చుని నేనూ బావా అర్ధరాత్రి దాకా ఒక కత్తి గురించే మాట్లాడుకున్నాం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్‌లోని యాష్‌బ్రింగర్.

2004లో గేమ్ వచ్చినప్పుడు ఆ కత్తి పేరూ కథా ఉన్నాయి, కత్తి మాత్రం ఎవరికీ దొరకలేదు. గేమ్‌లో పాత్రలు చెప్పే ప్రతి మాటలోనూ ఆటగాళ్లు ఆనవాళ్లు వెతికారట. 2006లో గేమ్‌లోని నాక్స్‌రామస్ అనే చోట దొరికింది, అదీ చెడిపోయిన రూపంలో. దాన్ని పట్టుకుని స్కార్లెట్ మొనాస్టరీ అనే మఠంలోకి అడుగుపెడితే, మీద పడాల్సిన శత్రువులే మోకరిల్లుతారు. చివరికి కత్తి అసలు యజమాని అలెగ్జాండ్రోస్ ఆత్మ వచ్చి, తనను వెన్నుపోటు పొడిచిన కొడుకు రెనాల్ట్‌ను చంపేస్తుంది. బావ ఈ సీన్ చెబుతుంటే ఒళ్లు జలదరించింది.

అక్కడే ఫెయిర్‌బ్యాంక్స్ అనే పాత్ర అవుట్‌ల్యాండ్ అనే మరో లోకం వైపు దారి చూపిస్తాడు. అందుకని 2007లో ఆ లోకంలో జరిగే కొత్త భాగం బర్నింగ్ క్రూసేడ్ వచ్చినప్పుడు కత్తి అక్కడే బాగుపడుతుందని అభిమానులు గట్టిగా నమ్మారు. అలా జరగలేదు. 2008లో లైట్స్ హోప్ చాపెల్ అనే ప్రార్థనా మందిరం దగ్గర, టిరియన్ అనే వీరుడి చేతిలో శుద్ధి అయింది. ఇది మంచి ముగింపే, కానీ తప్పిపోయిన ఆ ఊహే నా మనసుకు ఎక్కువ పట్టింది. ఉన్న ఒక్క మాటను పట్టుకుని అంత దూరం ఆలోచించారు కదా!

మా మాటలు వింటున్న అత్తయ్య, "పాండవులు జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచినట్టా?" అంది.

బావ కాసేపు ఆలోచించాడు. "అవునమ్మా. కాకపోతే ఆ చెట్టు ఎక్కడుందో ఎవరికీ చెప్పలేదు."