తొమ్మిదో ఎక్కం

2024 డిసెంబర్ 7న రాష్ట్రంలోని ప్రభుత్వ బడులన్నిటిలో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు. గుంటూరులో మా పాప చదివే మున్సిపల్ స్కూలుకి నేనూ వెళ్ళాను. పాప అప్పుడు మూడో తరగతి.

"కూర్చోండమ్మా" అన్నారు టీచర్‌గారు. నిలబడే ఉన్నాను. రెండోసారి చెప్పాక కుర్చీ అంచున కూర్చున్నాను. అరచేతులు చెమటలు పట్టేశాయి.

"ఎక్కాలు అసలు రావట్లేదండీ. ఇంట్లో రోజూ ఏడుపే."

"క్లాసులో గడగడా చెబుతుందే!" అన్నారావిడ.

ఏం మాట్లాడాలో తోచలేదు. అంతకు వారం ముందు జరిగింది గుర్తొచ్చింది. తొమ్మిదో ఎక్కం అప్పజెప్పమన్నాను. తొమ్మిది ఎనిమిదుల దగ్గర ఆగిపోయింది. నేనింకా ఏమీ అనలేదు. తనే లేచి వెళ్ళి గోడకు వీపు ఆనించి, మోకాళ్ళు వంచింది. గోడకుర్చీ!

బడిలో ఎవరూ దాంతో అలా చేయించలేదు. ఐదో తరగతిలో నేను అదే లెక్క దగ్గర ఆగిపోతే మా సారు వేయించారు. తొడలు వణికి కూలబడితే క్లాసంతా నవ్వింది. ఆ సంగతి పాపకి నేనే నవ్వుతూ చెప్పాను, పైగా యాక్షన్ చేసి మరీ. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది బడి వరకే అనుకున్నాను కాబోలు, మా ఇంట్లో మాత్రం మా సారు గొంతే వినిపిస్తోంది, నా నోట్లోంచి.

మీటింగ్ అయ్యాక ఎక్కాలు అడగడం మానేద్దామనుకున్నాను. మూడు రోజులు కూడా ఆగలేకపోయాను, మళ్ళీ అరిచాను. అప్పుడు మా ఆయన ఎక్కాల పుస్తకం తీసి బీరువా మీద పెట్టేశారు.

నేను జాకెట్లు కుడతాను. ఓ సాయంత్రం హుక్కులు లెక్కపెడుతున్నాను. జాకెట్‌కి ఆరు, తొమ్మిది జాకెట్లు.

"యాభై నాలుగు" అంది పాప, బొమ్మకి చీర కడుతూ, తల కూడా ఎత్తకుండా.

మొన్న ఎవరో ఎనిమిది హుక్కులు పెట్టమన్నారు. "అలాంటివి తొమ్మిదైతే ఎన్ని కావాలో చెప్పమ్మా" అని ఈసారి అదే నన్నడిగింది. మిషన్ కింద చాటుగా వేళ్ళు మడిచాను.