పదో తరగతి రిట్రీట్‌లో మైకు ఎప్పుడు కట్టేయాలి

రిట్రీట్ అంటే రోజూ చేసే పనులు పక్కనపెట్టి ప్రార్థనలో, ధ్యానంలో గడపడం. కతోలిక బళ్లలో పదో తరగతి పిల్లలకు పెట్టే ఒక్కరోజు రిట్రీట్ చాలాచోట్ల ఇలా నడుస్తుంది: తొమ్మిదికి పాటలు, ఒక ప్రసంగం, టీ, ఇంకో ప్రసంగం, బిర్యానీ, మళ్లీ ప్రసంగం, దివ్యబలి పూజ, గ్రూప్ ఫొటో. సాయంత్రం ఏం గుర్తుందని అడిగితే బిర్యానీ అంటారు. పిల్లల తప్పేం లేదు. ఒకరు చెబుతుంటే కూర్చుని వినడం వాళ్లకు బడిలో రోజూ ఉన్నదే.

ఈ సాధనకు దారి వేసిన పునీత లొయోలా ఇగ్నేషియస్ 1522లో మన్రేసాలో రాసుకోవడం మొదలుపెట్టిన 'ఆధ్యాత్మిక సాధనలు' 1548లో పోపు మూడో పౌలు ఆమోదం పొందాయి. మొదట్లోనే 20 సూచనలుంటాయి. ధ్యానాంశం ఇచ్చేవాడు క్లుప్తంగా చెప్పి తప్పుకోవాలని రెండోది అంటుంది. ఎంత తెలిసిందన్నది కాదు, లోపల ఎంత రుచి తెలిసిందన్నదే ఆత్మకు తృప్తి అని దాని భావం. వయసును, చదువును బట్టి సాధనను మార్చుకోమంటుంది 18వది. పూర్తి సాధన దాదాపు 30 రోజులు; పదిహేనేళ్ల వాళ్లకు ఆరు గంటలు చాలు. కుదించేటప్పుడు మనం మౌనాన్ని కోసేసి ప్రసంగాలను ఉంచుకుంటాం, అదీ చిక్కు.

ముందు తేదీ సంగతి. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో పెడదామనిపిస్తుంది గానీ, అది మొదలయ్యే విభూది బుధవారం ఫిబ్రవరి 4కీ మార్చి 10కీ మధ్య వస్తుంది, అప్పటికి పిల్లల తలలో పబ్లిక్ పరీక్షలు తప్ప ఇంకేం ఉండవు. జూలై 31 ఇగ్నేషియస్ పండుగ వారమో, క్రిస్మస్‌కు ముందు ఆగమనకాలమో మేలు. పరీక్షల ముందు హాల్ టికెట్లు పీఠం మీద పెట్టి ప్రార్థించడం మంచిదే, కానీ దాన్ని రిట్రీట్ అనకండి.

మైకు ఒక్కో విడతలో 20 నిమిషాలు దాటకూడదు. ఆ వెంటనే మౌనం: మొదటిసారి పది నిమిషాలు, రెండోసారి ఇరవై. ఒకేసారి గంట పెడితే గుసగుసలు మొదలవుతాయి. ఒకరికొకరు ఎదురుగా కాకుండా, మూడేసి మీటర్ల దూరంలో, చెట్టు వైపో గోడ వైపో ముఖం పెట్టి కూర్చోబెట్టండి. మొదటి మూడు నాలుగు నిమిషాలు ఎవరో ఒకరు నవ్వుతారు. అది దానంతటదే ఆగుతుంది, 'ష్ష్' అని తిరిగే టీచరే అసలు చప్పుడు. చేతిలో ఒక్క ప్రశ్న ఉంటే చాలు. మార్కు సువార్త 10వ అధ్యాయంలో గుడ్డివాడైన బర్తిమయిని యేసు అడిగిన మాట బాగా పనిచేస్తుంది: నీ కోసం నేనేం చేయాలి? జవాబు రాసుకునే నోటు పుస్తకం ఎవరూ చూడరని ముందే చెప్పండి. చెప్పాక నిజంగానే చూడకండి.

పాపసంకీర్తనం, అంటే గురువు (ఫాదర్) దగ్గర ఒక్కొక్కరుగా తప్పులు ఒప్పుకోవడం, దాని లెక్క అందరూ తప్పుతారు. అరవై మంది, మనిషికి ఐదు నిమిషాలు, ఒక్క ఫాదర్ అయితే ఐదు గంటలు. ముగ్గురుంటే గంటా నలభై నిమిషాలు. పక్క విచారణల (చర్చి పరిధుల) గురువులను నెల ముందే అడగాలి. చిన్నప్పుడు మొదటిసారి సత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) తీసుకున్న తర్వాత పాపసంకీర్తనం చేయని పిల్లలు చాలామంది ఉంటారు; తప్పులకు పశ్చాత్తాపంతో చెప్పే మనస్తాప జపం మరిచిపోయి భయంతో వెనక్కి జరుగుతారు. చిన్న కాగితం మీద వరస, జపం అచ్చు వేసి ఇస్తే సగం బెరుకు పోతుంది. గురువు కూర్చునే చోటు అందరికీ కనబడాలి, మాట మాత్రం వినబడకూడదు.

తెలుగునాట కతోలిక బడిలో ప్రొటెస్టెంట్, హిందూ, ముస్లిం పిల్లలు కూడా ఉంటారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మైనరును సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధకు గానీ ఆరాధనకు గానీ రమ్మనకూడదని రాజ్యాంగం 28(3) అధికరణ. కాబట్టి కన్నవాళ్ల సంతకం తీసుకోండి, రాని వాళ్లకు విడిగా విలువల తరగతి పెట్టండి. 'రాకపోయినా ఫర్వాలేదు' అని నోటితో అనేసి హాజరు తీసుకుంటే అది సమ్మతి కాదు.

పిల్లలు మాట్లాడుకునే గ్రూపుకు ఎనిమిది మంది, ఒక పెద్ద. మార్కులు వేసే క్లాస్ టీచరును అక్కడ పెడితే నోళ్లు పెగలవు. 'ఇక్కడ చెప్పింది బయటకు పోదు' అని మాత్రం మాట ఇవ్వకండి. పిల్లల మీద లైంగిక హింస సంగతి బయటపడితే పోలీసులకు చెప్పి తీరాలి, లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షను అదే. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి పెద్ద దగ్గరా ఉండాలి.

భోజనం తేలిగ్గా. సాంబారు, ఒక కూర, పెరుగన్నం. బిర్యానీ తిన్నాక రెండింటికి ధ్యానం అంటే నిద్రే. తిన్నాక సిలువమార్గం నడిపించండి, అంటే యేసు శ్రమలను తలుచుకుంటూ ఒక్కో చోట ఆగి ప్రార్థించడం: 14 స్థలాలు, ఒక్కోదానికి మూడు నిమిషాలు, ఆరుబయట నీడలో. కాళ్లు కదిలితే కళ్లు మూతపడవు.

సాయంత్రం లైట్లు తీసేసి, కొవ్వొత్తి పెట్టి, అమ్మ పాట వేసి ఏడిపించే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అందరూ ఏడ్చారు కాబట్టి రిట్రీట్ బాగా జరిగిందనుకుంటారు. అమ్మ లేని పిల్ల ఆ గదిలో ఎలా కూర్చుందో ఎవరూ చూడరు. దాని బదులు అమ్మానాన్నల దగ్గర ముందే ఉత్తరాలు తెప్పించవచ్చు. రాయడం రానివాళ్లు చెబుతుంటే ఉపదేశి (చర్చిలో మతబోధ చేసే వ్యక్తి) గానీ పెద్ద పిల్లలు గానీ రాస్తారు. రెండు రోజుల ముందు పేర్ల జాబితాతో సరిచూడండి. ఉత్తరం రాని పిల్ల ఉంటే అమ్మమ్మనో బాబాయినో, ఎవరూ లేకపోతే ఆ పిల్లకు ఇష్టమైన టీచరునో రాయమనండి. ఒక్క కవరు తక్కువైనా పంచకండి. చదువుకునే పదిహేను నిమిషాలు పాటా వద్దు, మైకూ వద్దు.