నాలుగు గంటల పరిచర్య

2019 జూన్ నెలాఖరున, అరవయ్యేళ్లు నిండి, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచరుగా నేను పదవీ విరమణ చేశాను. ఆ సాయంత్రం సభలో మా సంఘ కాపరిగారు బైబిలులోని కాలేబును గురించి చెప్పారు. ఎనభై ఐదేళ్ల వయసులో యెహోషువ ఎదుట నిలబడి, నలభై ఐదేళ్ల కిందట మోషే తనను వేగు చూడటానికి పంపిన నాడు ఎంత బలముందో ఇప్పటికీ అంతే ఉందని చెప్పి, కొండసీమను తన వంతు భూమిగా ఇమ్మని అడిగిన మనిషి కాలేబు. "టీచరుగారూ, ఇక మీ కొండ మీరు అడగండి" అని పాస్టరుగారు ముగించారు. ఆ మాటను నేను ఇంటికి తెచ్చుకుని చాలా రోజులు మనసులో పెట్టుకున్నాను.

నిజం చెప్పాలంటే, నేను అడగదలచిన కొండ సంఘంలో ఒక బాధ్యత, దానితో పాటు వచ్చే ఒక పేరు. సండే స్కూలు మొత్తం చూసుకుంటానని పెద్దలను అడిగాను. "ఇన్నేళ్లు కష్టపడ్డారు, ఇకనైనా విశ్రాంతి తీసుకోండమ్మా" అన్నారు. వాళ్లు గౌరవంతోనే అన్నారు గాని, నా చెవికి మాత్రం తలుపు గడియ వేసిన చప్పుడులా వినిపించింది. మరుసటి ఏడాది కరోనా వచ్చి మందిరాలే మూతపడ్డాయి. రెండో విడతలో మా వారు ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. పిల్లలు విశాఖలో ఒకరు, హైదరాబాదులో ఒకరు. పలాస పక్కన కాశీబుగ్గలో ఆ ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చుని, "వృద్ధాప్యమందు నన్ను విడనాడకుము" అనే 71వ కీర్తన మాటలను చదవడం కాదు, దేవుణ్ణి నిలదీసినట్టుగా అడిగేదాన్ని.

జవాబు మా పక్క వీధి నుంచి వచ్చింది. ఆ వీధిలో ఉండే ఒకాయనకు రెండు మూత్రపిండాలూ పాడై, యంత్రంతో నెత్తురు శుభ్రం చేసే డయాలసిస్ మొదలైంది. శ్రీకాకుళం జిల్లాలోని మా ఉద్దానంలో ఇది కొత్త సంగతి కాదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పొలం పనులూ తోట పనులూ చేసుకునే ఆరోగ్యవంతులు నడివయసులోనే ఈ జబ్బున పడుతున్నారు. ఎన్నో పరిశోధక బృందాలు వచ్చి నీళ్లనూ నేలనూ పరీక్షించి వెళ్లినా, ఫలానాదే కారణమని ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైన తరువాత దూరాభారం కొంత తగ్గింది. డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు పదివేల రూపాయల పింఛను ఇస్తోంది. ఇవన్నీ మేలే. అయితే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు ఆ యంత్రం పక్కన రోగికి తోడుగా కూర్చునే మనిషిని ఏ పథకమూ పంపలేదు.

ఆయన భార్య జీడిపప్పు కార్ఖానాలో కూలి చేసేది. భర్త వెంట ఆసుపత్రికి వెళ్లిన రోజు కూలి పోయేది. వారానికి మూడు రోజుల కూలి పోతే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో లెక్క కట్టడానికి లెక్కల టీచరు అక్కరలేదు. ఒకరోజు ఆమె మా గుమ్మంలో నిలబడి, "పెద్దమ్మా, రేపొక్కరోజు ఆయన పక్కన కూర్చుంటారా, మేస్త్రీ ఇక రావద్దంటాడని భయంగా ఉంది" అని అడిగింది. సరేనన్నాను. అది మూడేళ్ల కిందటి మాట. అప్పటినుంచి మంగళ, గురు, శనివారాలు నావి కావు.

మొదటి రోజు సంచిలో బైబిలు, ఐదారు కరపత్రాలు పెట్టుకుని వెళ్లాను. అక్కడ వరుసగా మంచాలు, ప్రతి మంచం పక్కనా ఒక యంత్రం, పారదర్శకమైన గొట్టాల్లో తిరిగే ఎర్రటి నెత్తురు. ఆ మనుషులను చూశాక కరపత్రాలు బయటికి తీయలేకపోయాను. చెయ్యి కదపకూడని మనిషి, మంచం దిగి వెళ్లిపోలేని మనిషి, నేను చెప్పే సువార్తను కాదనే వీలు లేని మనిషి. అటువంటి చోట అడగకుండా వాక్యం చెప్పడం న్యాయం కాదని నాకు అనిపించింది, ఇప్పటికీ అదే అనుకుంటాను. ఈ విషయంలో మా సంఘంలో కొందరు నాతో ఏకీభవించరు. ఎవరైనా "ప్రార్థన చేయమ్మా" అంటే చేస్తాను; చాలామంది అడుగుతారు, హిందువులు కూడా అడుగుతారు. అడగని వారికి దినపత్రిక చదివి వినిపిస్తాను, దుప్పటి సర్దుతాను, రక్తపోటు పడిపోయి చెమటలు పడితే నర్సమ్మను పిలుస్తాను.

కవిటి వైపు నుంచి వచ్చే ఒక రైతు ఉన్నాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం మీద పడినప్పుడు అతని తోటలో కొబ్బరిచెట్లు సగానికి పైగా కూలిపోయాయట. మళ్లీ మొక్కలు నాటి, కడవలతో నీళ్లు మోసి పెంచాడు. అవి కాపుకొచ్చే వేళకు అతనికి జబ్బు బయటపడింది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, ఈ జబ్బున్నవారికి అది గుండె మీదికి తెస్తుంది కాబట్టి బొండాం ముట్టవద్దని డాక్టరు చెప్పారు. మామూలు నీళ్లకు కూడా కొలతే. చిన్న స్టీలు గ్లాసుకు లోపల మేకుతో గీత గీసుకుని తెచ్చుకుంటాడు. ఆ గీత దాటకుండా పోసుకుని, నోట్లో కాసేపు పుక్కిలించి, అప్పుడు మింగుతాడు. "నేనేసిన చెట్లేనమ్మా, నాకే పనికిరాకుండా పోనాయి" అన్నాడొకసారి. నేనేమీ అనలేదు. అనడానికి వాక్యం లేక కాదు, ఆ మాట పక్కన ఏ వాక్యం పెట్టినా అది తేలికైపోతుందని.

ఆ రోజుల్లోనే సంఖ్యాకాండం ఎనిమిదో అధ్యాయం మళ్లీ చదివాను. ఇరవై ఐదేళ్లకు దేవుని గుడారపు సేవలో చేరిన లేవీయుడు యాభై ఏళ్లకు పని మానుకోవాలి; కాని ప్రత్యక్షపు గుడారంలో తన సహోదరులతో కలిసి కావలి కాస్తూ వారికి సాయపడాలి. బరువు దింపమన్న దేవుడు గుడారంలోంచి మాత్రం వెళ్లిపొమ్మనలేదు. ఇన్నేళ్లుగా చదువుతున్న గ్రంథంలో ఈ మాట నాకు ఎందుకు కనిపించలేదో తెలియదు. నాకు కావలసింది కొండ కాదనీ, ఒక కుర్చీ అనీ అప్పుడర్థమైంది. వయసు మళ్లిన వారి దగ్గర తగ్గేవి చాలా ఉన్నాయి, కాని తొందర లేని సమయం మాత్రం మా దగ్గరే ఉంటుంది. పడుకున్న రోగికి కావలసింది కూడా అదే.

కాలేబు కంటే ఇప్పుడు బర్జిల్లయి నాకు దగ్గరివాడు. దావీదు రాజు తన కొడుకు అబ్షాలోముకు భయపడి పారిపోయి మహనయీముకు చేరినప్పుడు, అలసిన ఆ జనానికి పరుపులు, పాత్రలు, గోధుమలు, తేనె తెచ్చి ఇచ్చినవారిలో ఈ ముసలాయన ఒకడు. తరువాత రాజు యెరూషలేముకు రమ్మని పిలిస్తే, తనకు ఎనభై ఏళ్లనీ, తినేదాని రుచి గాని పాటగాళ్ల స్వరం గాని తెలియడం లేదనీ చెప్పి వద్దన్నాడు. రాజుతో యొర్దాను దాటి కొంత దూరం మాత్రం వెళ్లి, తనకు బదులుగా కింహాము అనే వాణ్ణి పంపి, ముద్దు పెట్టించుకుని, ఆశీర్వాదం పొంది ఇంటికి తిరిగి వచ్చాడు. ఎంతవరకు తోడు వెళ్లగలనో తెలిసిన మనిషి.

నాకు కూడా అది తెలుసుకోవలసి వచ్చింది. పోయిన ఏడాది మా పక్క వీధి ఆయన చనిపోయారు. మట్టి చేసి వచ్చిన మర్నాడు మంగళవారం. ఇక నేను వెళ్లవలసిన కారణం లేదని అనుకుంటూనే, ఉదయం ఏడింటికి అలవాటుగా ఆటో ఎక్కాను. ఆయన మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. భార్య లేదు, కొడుకు వలస వెళ్లి చెన్నైలో తాపీ పని చేస్తున్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను.

ఈ మధ్య నాకు మోకాళ్లు సహకరించడం లేదు. అందుకని మా సంఘంలో ఇంటర్ చదివే అమ్మాయిని శనివారాలు వెంట తీసుకువెళుతున్నాను. మొదటిసారి వచ్చినప్పుడు ఆ పిల్ల గొట్టాలను చూసి గోడ వైపు తిరిగి నిలబడిపోయింది. కవిటి రైతు దాన్ని గమనించి, యంత్రం తగిలించకముందే దగ్గరికి పిలిచి, ఎడమ చెయ్యి చాపాడు. అతని ముంజేతి మీద సూదులు గుచ్చడానికి ఆపరేషను చేసి రక్తనాళాలు కలిపిన చోటు తాడులా ఉబ్బి ఉంటుంది. దాని మీద ఆ పిల్ల రెండు వేళ్లు ఆనించమన్నాడు. లోపల నెత్తురు జోరుగా పారుతుంటే పిల్లి గుర్రుమన్నట్టు సన్నగా అదురుతుంది. ఆ అమ్మాయి ఆశ్చర్యంగా నా వైపు చూసింది.

"ఆడతాందా?" అని అడిగాడు అతను.

"ఆడుతోంది మావయ్యా" అంది.